దొంగ పడని ఇంట్లో దొంగ కేక



శ్రావణంలో నేను పెళ్ళిపీటల ఫొటోలు గ్రూపులో పెట్టగానే, "ఎక్కడ కొన్నావు, ఎంత పడింది" అని ఇరవై మంది అడిగారు. కొనలేదండీ, మా గరాజ్‌లో చేశాను అంటే, అయితే ఎలా చేశావో రాయమన్నారు. తీరా రాద్దామని కూర్చుంటే పీటల గురించి నాలుగు ముక్కల కంటే లేదు. చెక్క తెచ్చాను, మిషన్ కింద బిగించాను, అది చెక్కింది, నేను నూనె రాశాను. అసలు కథంతా ఆ మిషన్‌ని నడిపే కంప్యూటర్‌ది. మూడు వారాలు నన్ను ఏడిపించుకుతింది. అదే రాస్తున్నాను. మధ్యలో కాస్త కంప్యూటర్ గోల ఉంటుంది, భయపడకండి. ఆవకాయ జాడీ దాటి మరీ ఎక్కువ దూరం తీసుకెళ్ళను.

నా సంగతి కొందరికి తెలుసు. గుంటూరులో ఇంజనీరింగ్, హైదరాబాదులో రెండున్నరేళ్ళ ఉద్యోగం, 2009లో పెళ్ళి, ఆ చలికాలమే మిషిగన్. హెచ్-4 వీసా. ఈ ఒక్క మాటతో మీలో సగం మందికి మిగతాదంతా అర్థమైపోయి ఉంటుంది. 2015లో మనలో కొందరికి పని చేసుకునే కార్డు ఇవ్వడం మొదలైంది కానీ, నా చేతికి అది వచ్చేసరికి నా రెజ్యూమెలో ఖాళీ నా అనుభవం కంటే మూడింతలైంది. ఇంటర్వ్యూలో "ఈ మధ్య ఏం చేశారు" అని అడిగితే ఏం చెప్తాం? పిండి రుబ్బానండీ, పిల్లని పెంచానండీ అని చెప్తామా? రెండు మూడు చోట్ల ప్రయత్నించి ఊరుకున్నాను.

మా ఊరి చుట్టుపక్కల కార్ల విడిభాగాలు చేసే చిన్న చిన్న షాపులు ఎక్కువ. ఒకటి మూసేస్తూ సామాను అమ్మేస్తుంటే, బల్లంత సైజులో చెక్కని చెక్కే మిషన్ ఒకటి చవకగా వచ్చింది. మా ఆయన "ఎందుకోయ్, కారు పెట్టుకోడానికే చోటు లేదు" అంటూనే ట్రక్కు అద్దెకి తెచ్చారు. ముందు మా ఇంటికి నేమ్‌ప్లేట్, తర్వాత పక్కింటి వాళ్ళకి, తర్వాత బొమ్మల కొలువు మెట్లు. అలా నెలకి రెండు మూడు ఆర్డర్లు. డబ్బులు పెద్దగా కాదు. కానీ "మీరేం చేస్తుంటారు" అని ఎవరైనా అడిగితే ఒక జవాబు దొరికింది.

ఇలాంటి మిషన్లని నడపడానికి లైనక్స్‌సీఎన్‌సీ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దాని మూలాలు ఇక్కడి ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఉన్నాయి. మనం గీసిన బొమ్మని అది మోటార్లకి చిన్న చిన్న కరెంటు దెబ్బలుగా మార్చి పంపుతుంది. ఒక్కో దెబ్బకి మోటారు ఒక్క పిసరు తిరుగుతుంది. నా మిషన్‌కి 40 మైక్రోసెకన్లకోసారి కంప్యూటర్ ఆ పని చూడాలి. అంటే సెకనుకి 25 వేల సార్లు. ఒక్కసారి ఆలస్యమైనా మోటారు తడబడుతుంది, గీత వంకర పోతుంది.

మామూలు కంప్యూటర్ అంత కచ్చితంగా ఉండలేదు. అది ఉమ్మడి కుటుంబంలో వంటిల్లు లాంటిది. అందరికీ వంతులుంటాయి, ఎవరి వంతు వచ్చేదాకా వాళ్ళు ఆగాలి. పెనం మీద అట్టు మాడుతోంది అన్నా, ముందు కాఫీ కలుపుతున్న వాళ్ళు తప్పుకోవాలి. అందుకని రియల్ టైమ్ కెర్నల్ అని వేరే ఏర్పాటు ఉంది. నేను వాడింది ఆర్‌టీఏఐ, ఇటలీలో మిలాన్ పాలిటెక్నిక్ వాళ్ళు చేసింది. అది లైనక్స్ కింద కూర్చుని గడియారం గంటని ముందు తను అందుకుంటుంది. తన పని క్షణంలో చేసేసుకుని, మిగిలిన కాలం లైనక్స్‌కి వదిలేస్తుంది. పాపం లైనక్స్‌కి మధ్యలో ఎవరో వచ్చి వెళ్ళారన్న సంగతే తెలియదు. ఈ ఒక్క వాక్యం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అంతా బాగానే నడుస్తుండగా పాత కంప్యూటర్ చచ్చిపోయింది. మా ఆయన ఆఫీసులో తీసేస్తున్న పెట్టె ఒకటి తెచ్చారు. లైనక్స్‌సీఎన్‌సీతో రెడీగా వచ్చే పాత కెర్నల్ అందులోని కొత్తరకం డిస్కుని గుర్తుపట్టలేదు. సరే, కెర్నల్ నేనే కంపైల్ చేసుకుంటాను అనుకున్నాను. కంపైల్ చెయ్యడం అంటే మనిషి రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చడం, ఆ పని చేసేది కంపైలర్. కెర్నల్‌కి వేల ఎంపికలుంటాయి, ఒక్కోదానికి అవునా కాదా అని చెప్పాలి. అన్నీ ఎవరు చూస్తారు? ఆ పెట్టెలో మామూలుగా నడుస్తున్న లైనక్స్ ఎంపికల జాబితానే కాపీ కొట్టేశాను. అవతలివాళ్ళ పెళ్ళి సామాన్ల లిస్టు తెచ్చి మన ఇంటి పేరు రాసుకున్నట్టు. పనిలో పనిగా, చాలాకాలంగా అనుకుంటున్న చిన్న ప్రోగ్రాం ఒకటి కూడా రాసి దానికి తగిలించాను. ఒకేసారి రెండు మార్పులు చెయ్యకూడదని నా మొదటి ఉద్యోగంలో మొదటి వారంలోనే చెప్పారు. చేశాను.

అప్పుడే మన గ్రూపులో అక్కయ్య ఒకావిడ, కూతురి పెళ్ళికి జత పీటలు, వధూవరుల పేర్లతో చెయ్యమని అడిగారు. పెళ్ళికి ఇంకా నెల ఉంది. ఒప్పుకున్నాను.

మొదటి పీట మీద అక్షరాలు ముప్పాతిక వంతు అయ్యాయి. మా అమ్మాయి, పదకొండేళ్ళు, వాక్యూమ్ గొట్టం పట్టుకుని పొట్టు లాగుతోంది. ఉన్నట్టుండి తెర బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. బల్ల ఆగిపోయింది. కానీ పైన చెక్కే ములికి మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది, ఒకే చోట. చెక్క కాలుతున్న వాసన, సన్నటి పొగ. ఎర్ర బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. ఎందుకంటే ఆ బటన్ వైరు కంప్యూటర్‌కే వెళ్తుంది, "ఆపెయ్" అని కంప్యూటర్ చెప్పాలి. చెప్పాల్సిన కంప్యూటర్ స్పృహలో లేదు. "దూరం జరుగు" అని అరిచి, గోడ దగ్గరకి పరిగెత్తి ప్లగ్గు పీకేశాను. పిల్ల గొట్టం వదల్లేదు, అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పీట పోయినందుకు కాదు.

మర్నాడు మా ఆయన నెమ్మదిగానే అన్నారు, "పదిహేనేళ్ళయింది కదా నువ్వు ఇవి ముట్టుకుని. ఎవరినైనా అడుగుదాం." తప్పుగా ఏం అనలేదు. నాకు మాత్రం గుచ్చుకుంది, ఎందుకంటే నేను కూడా అదే అనుకుంటున్నాను.

ముందు నా ప్రోగ్రాంని తీసేశాను. అయినా బిగుసుకుంది. మెమరీ చెడిందేమోనని రాత్రంతా పరీక్ష పెట్టాను, ఒక్క తప్పూ లేదు. పవర్ సప్లయ్ మార్చాను. ఒక్కోసారి రెండు నిమిషాలకే ఆగేది, ఒక్కోసారి అరగంట చక్కగా నడిచి, హమ్మయ్య అనుకునేలోపు ఆగేది. వేళాపాళా ఉంటే జబ్బు కనిపెట్టొచ్చు. ఇది పిల్లల జ్వరంలా డాక్టర్ ముందు ఉండదు, ఇంటికి రాగానే వస్తుంది. ఈ పరీక్షలన్నీ ములికి తీసేసి, మిషన్ ప్లగ్గు విడిగా పెట్టి చేశాను, పిల్లని గరాజ్‌లోకి రానివ్వలేదు.

వారం పోయాక బుద్ధి తెచ్చుకుని చెయ్యాల్సిన మొదటి పని చేశాను. బొమ్మల తెర మీద ఉన్నప్పుడు కెర్నల్ కుప్పకూలితే అది చివరగా ఏమన్నదో మనకి కనపడదు. నల్లటి అక్షరాల తెరకి మారి, అక్కడినుంచే నడిపించి, ఫోను స్టాండుకి పెట్టి వీడియో తీస్తూ కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి పడింది. తెర నిండా అంకెలు, మధ్యలో ఒక వాక్యం: స్టాక్-ప్రొటెక్టర్, కెర్నల్ స్టాక్ ఈజ్ కరప్టెడ్. ఫలానా చోట స్టాక్ పాడైంది, కాబట్టి నేను ఆగిపోతున్నాను అని.

ఇప్పుడు జాడీ దగ్గరకి వద్దాం. మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు ముడి తనకే తెలిసినట్టు వేసేది. రెండు మడతలు, ఒక కొస లోపలికి. మేం వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట దొంగతనంగా తీసి, మళ్ళీ ఎంత జాగ్రత్తగా కట్టినా పట్టేసేది. ముక్కలు లెక్కపెట్టక్కర్లేదు, ముడి చూస్తే చాలు.

కంపైలర్‌లో స్టాక్ ప్రొటెక్టర్ అనే రక్షణ సరిగ్గా ఆ ముడే. ప్రోగ్రాంలో ఒక్కో పని మొదలైనప్పుడు దానికి మెమరీలో కొంచెం జాగా ఇస్తారు, దాన్నే స్టాక్ అంటారు. పని అయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్ళాలో ఆ చిరునామా కూడా అందులోనే ఉంటుంది. ఎవరైనా ఇచ్చిన జాగా కంటే ఎక్కువ రాసేస్తే, పొంగిన పాలు పొయ్యి మీద పడ్డట్టు ఆ చిరునామా మీద పడుతుంది. దొంగలు కావాలనే అలా పొంగించి తమ చిరునామా రాసేసుకుంటారు. 1988లో ఇంటర్నెట్‌ని అతలాకుతలం చేసిన మోరిస్ వార్మ్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. అందుకని కంపైలర్ ఏం చేస్తుందంటే, పని మొదలవగానే ఆ చిరునామాకి ముందు ఒక రహస్య అంకె పెడుతుంది, పని ముగిసేటప్పుడు అది అలాగే ఉందా అని చూస్తుంది. మారితే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఆ అంకె పేరు కేనరీ. ఒకప్పుడు బొగ్గుగనుల్లో విషవాయువు పసిగట్టడానికి తీసుకెళ్ళిన పసుపుపచ్చ పిట్ట పేరు అది. 1998లో స్టాక్‌గార్డ్ అనే పనితో ఈ పద్ధతి వెలుగులోకి వచ్చింది. మనం వాడే జీసీసీ కంపైలర్‌లోకి 2006లో వచ్చింది, 2014లో ఇంకా ఎక్కువ చోట్ల కాపలా కాసే రకం వచ్చింది. మామూలు ప్రోగ్రాంలో ముడి మారితే ఆ ఒక్క ప్రోగ్రాం చస్తుంది. కెర్నల్‌లో మారితే ఇల్లంతా తాళం వేసేస్తుంది, ఎవరినీ కదలనివ్వదు. దాని దృష్టిలో అదే న్యాయం.

నేను ఆ వాక్యాన్ని నమ్మేశాను. స్టాక్ పాడైంది అంటే ఎవరో ఎక్కువ రాశారు, ఎవరు రాసి ఉంటారు, నేనే. పిల్ల పడుకున్నాక రోజూ రాత్రి రెండింటిదాకా, నేను ముట్టుకున్న ప్రతి ఫైలూ, ముట్టుకోనివి కూడా, లైను లైను చదివాను. నాలుగు రాత్రులు. ఏమీ దొరకలేదు. దొరక్కపోతే తప్పు లేదని అనుకోవాలి కదా, నేను మాత్రం తప్పు ఉంది, నాకే కనపడటం లేదు అనుకున్నాను.

అప్పుడే మన గ్రూపులోని నర్సు వదిన వేరే పని మీద ఫోన్ చేసింది. నా గొంతు విని ఏమైందని అడిగితే అంతా కక్కేశాను. కంప్యూటర్ సంగతి ఆవిడకేం తెలీదు. "మాకూ ఐసీయూలో అంతే. మానిటర్ మీద గీత సాపుగా వచ్చేస్తుంది, అలారం కొట్టేస్తుంది. పరిగెత్తుకెళ్తే మనిషి కూర్చుని పుడ్డింగ్ తింటుంటాడు. ఛాతీ మీద అంటించిన ప్యాచ్ ఊడి ఉంటుంది. ముందు మనిషిని చూడాలి, తర్వాత వైరుని చూడాలి. నువ్వు మానిటర్‌నే చూస్తున్నావు వదినా" అంది. అని, "పుట్టినరోజుకి కేజీంపావు కాజాలు చాలవా" అని తన పనిలో పడిపోయింది.

మనిషిని చూడాలి. ఫోనులో అప్పటికి నాలుగు వీడియోలున్నాయి. నాలుగూ పక్కపక్కన పెట్టి చూశాను. నాలుగింట్లోనూ ఒకే చోటు. నా ప్రోగ్రాం కాదు, ఆర్‌టీఏఐ లోపలి షెడ్యూలర్‌లో, ఒక పని "నా వంతు అయింది, మళ్ళీ గంట కొట్టేదాకా పడుకుంటాను" అని నిద్రపోయే చోటు. నిజంగా ఎవరో ఇష్టం వచ్చినట్టు మెమరీ మీద రాసేస్తుంటే, నాలుగుసార్లూ సరిగ్గా అక్కడే ఎందుకు పడాలి? నిద్రపోయి లేచే చోటే ఎందుకు?

ఇంకో ఆధారం కూడా నా ముందే ఉంది. ఆలస్యాలు తగ్గించడానికి ప్రాసెసర్‌లోని రెండు కోర్లలో ఒకదాన్ని మిషన్ పనికి మాత్రమే కేటాయించాను. ఆ కోర్ మీదకి లైనక్స్ పనులు దాదాపు రావు, ఎప్పుడో ఒకటి వచ్చి పోతుంది. ఆ కేటాయింపు తీసేసి చూశాను. పది లెక్కపెట్టేలోపు కూలిపోయింది. మళ్ళీ పెట్టాను, పావుగంట నడిచింది. మళ్ళీ తీశాను, క్షణాల్లో కూలింది. ఆ రాత్రి గరాజ్‌లో ఒక్కదాన్నీ పైకే నవ్వాను. కారణం లేకుండా వచ్చే జబ్బు మొదటిసారి నా మాట విన్నది.

జాడీనే ఇంకొంచెం సాగదీస్తాను. ఉమ్మడి ఇంట్లో ముగ్గురు కోడళ్ళు, వంతులవారీగా వంట. ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. ఎవరి వంతు నడుస్తుంటే వాళ్ళ దారం వంటింటి గుమ్మం పక్క మేకుకి వేలాడుతుంది. జాడీ కట్టేటప్పుడు మేకుకి ఉన్న దారంలోంచి ముక్క తీసి కట్టాలి. విప్పేటప్పుడు మేకు వైపు చూసి, అదే రంగైతే విప్పాలి. వంతు మారినప్పుడల్లా మేకు మీద దారం కూడా మారుతుంది, ఎవరి జాడీలు వాళ్ళ వంతులోనే తెరుస్తారు, కాబట్టి గొడవ లేదు. లైనక్స్ సరిగ్గా ఇలాగే చేస్తుంది. ప్రతి పనికీ తన సొంత కేనరీ ఉంటుంది, ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు లైనక్స్ ఆ కోర్‌కి సంబంధించిన మేకు మీద కేనరీని కూడా మారుస్తుంది.

ఇప్పుడు దొడ్డిగుమ్మంలోంచి వచ్చే చుట్టం ఒకడున్నాడు. వాడికి వంతుల్లేవు, మేకుకి వాడి దారం లేదు. పెద్దకోడలి వంతులో వచ్చాడు, మేకుకి ఎర్రదారం ఉంది, తన జాడీకి ఎర్రదారం కట్టుకుని నిద్రపోయాడు. ఈలోగా రెండో కోడలి వంతు వచ్చి మేకుకి నీలం పడింది. చుట్టం లేచాడు. జాడీ మీద ఎరుపు, మేకు మీద నీలం. "దొంగా, దొంగా" అని కేక. ఇంటికి తాళం.

ఆవకాయలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. జాడీ ముడి కూడా ఎవరూ విప్పలేదు. మేకు మీద దారం మారింది, అంతే. ఆర్‌టీఏఐ తన పనులని మార్చుకునేటప్పుడు లైనక్స్‌ని అడగదు, కాబట్టి ఎవరూ వాడి కోసం మేకు మీద దారం మార్చరు. ఒక కోర్‌ని కేటాయిస్తే అక్కడ వంతులు అరుదుగా మారతాయి, అందుకే అరగంట. కేటాయింపు తీసేస్తే వంతులు గబగబా మారతాయి, అందుకే పది లెక్కపెట్టేలోపు. నేను కాపీ కొట్టిన ఎంపికల జాబితాలో స్టాక్ ప్రొటెక్టర్‌కి "అవును" అని ఉంది, అదీ ఎక్కువ చోట్ల కాపలా కాసే రకం. మామూలు లైనక్స్‌కి అది మంచిదే. దొడ్డిగుమ్మం చుట్టం ఉన్న ఇంటికి పనికిరాదు.

ఇలాంటిది మీ ఇంట్లో కుర్రవాళ్ళెవరికైనా తగిలితే వాళ్ళకి ఈ పేరా చూపించండి, మిగతావాళ్ళు దాటెయ్యండి. బూట్ ఫోల్డర్‌లో కెర్నల్ కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది, అందులో స్టాక్‌ప్రొటెక్టర్ అని వెతకండి. 2018లో వచ్చిన 4.18 కెర్నల్ నుంచి ఆ ఎంపిక పేరులో ముందున్న సీసీ అనే అక్షరాలు తీసేశారు, కాబట్టి పాత పేరుతో వెతికి లేదనుకోకండి. అది ఆపి కెర్నల్ మళ్ళీ కంపైల్ చెయ్యాలి. నేను అక్కడ కూడా ఒక దెబ్బ తిన్నాను. కెర్నల్ ఒక్కటే మార్చి, దానికి తగిలించే మాడ్యూల్స్ పాతవే ఉంచాను. "స్టాక్ చెక్ ఫెయిల్ అనే గుర్తు తెలియదు" అని ఒక్కటీ లోడ్ అవలేదు. ఎందుకంటే పాత మాడ్యూల్స్ లోపల ఇంకా ముడి చూసే అలవాటు ఉంది, కేక వేద్దామంటే కేక వినేవాళ్ళని నేను కెర్నల్‌లోంచి తీసేశాను. అన్నీ తుడిచేసి మొదటినుంచి కంపైల్ చేస్తే కుదిరింది. ఇంకోటి, ఒకసారి కుదరగానే గంతులెయ్యకుండా, ఆ ఒక్క ఎంపికనే మళ్ళీ పెట్టి కూలుతుందా, తీసి నడుస్తుందా అని రెండుసార్లు అటూ ఇటూ చూశాను. అప్పుడుగానీ నాకు నమ్మకం కుదరలేదు.

కాపలా తీసెయ్యడం తప్పు కదా అని మా ఆయన అడిగారు. మంచి ప్రశ్నే. అసలైన మరమ్మత్తు అంటే, చుట్టానికి కూడా ఒక దారం ఇచ్చి, వాడు లేచినప్పుడల్లా మేకు మీద అది వేలాడేలా ఆర్‌టీఏఐని మార్చడం. దానికి నాకు టైమూ లేదు, నిజం చెప్పాలంటే అంత ధైర్యమూ లేదు. అందుకని ఆ పెట్టెకి ఇంటర్నెట్ వైరు తీసేశాను. డిజైన్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి. అందులో బ్యాంకు లేదు, మెయిల్ లేదు, చెక్క తప్ప ఏమీ లేదు. మీరు రోజూ వాడే లాప్‌టాప్‌లో ఇలాంటి కాపలా ఎవరు తియ్యమన్నా తియ్యకండి. 2024లో ప్రీఎంప్ట్-ఆర్‌టీ అనే ఇంకో రియల్ టైమ్ పద్ధతిని అసలు లైనక్స్‌లోనే కలిపేశారు. అందులో దొడ్డిగుమ్మం లేదు, లైనక్స్ తనే వంతులు వేస్తుంది, కాబట్టి ఈ దారం గొడవ రాదు. కానీ నా మిషన్‌లాగా ప్రింటర్ పోర్టులోంచి మోటార్లకి దెబ్బలు పంపేవాటికి ఆ పాత చుట్టమే ఇంకా టైముకి వస్తాడని నా అనుభవం. తీరిగ్గా మారతాను.

రాత్రంతా గాల్లో నడిపించాను, ములికి లేకుండా. పొద్దున ఐదున్నరకి వెళ్ళి చూస్తే ఇంకా తిరుగుతోంది. అమ్మకి ఫోన్ చేశాను, తెనాలిలో అప్పుడు మధ్యాహ్నం మూడు. జాడీ ముడి సంగతి చెప్తే, "అదేంటే, ఆ ముడి మీ అమ్మమ్మ నేర్పింది. మీ పిన్ని కూడా అదే వేస్తుంది. ఒకసారి పిన్ని కడితే నేను గుర్తుపట్టలేక మీ అందరినీ వరసపెట్టి తిట్టాను, గుర్తులేదూ?" అంది. నాకు గుర్తు లేదు. ఉంటే నాలుగు రాత్రులు మిగిలేవి.

కెర్నల్ బాగైంది కానీ నాకు ఎర్ర బటన్ మీద కోపం తగ్గలేదు. కంప్యూటర్ ఇంకో కారణానికి, ఇంకో రోజు మళ్ళీ ఆగదని ఎవరు చెప్పారు? ఆపే బటన్ వైరు కంప్యూటర్ మీదుగా వెళ్ళడం ఎంత తెలివితక్కువ పనో ఆ పొగ వాసన చూశాక ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, బటన్ నొక్కితే మోటార్లకీ ములికికీ కరెంటే నేరుగా తెగేలా రిలే పెట్టించాను. రెండోది ఛార్జ్ పంప్. కంప్యూటర్ స్పృహలో ఉన్నంతసేపూ ఒక వైరు మీద గబగబా "ఉన్నాను, ఉన్నాను" అని నాడి కొడుతూ ఉంటుంది. ఆ నాడి ఆగగానే బోర్డు తనంతట తనే కరెంటు తీసేస్తుంది. నర్సు వదినకి చెప్తే, "ఇదైతే ప్యాచ్ ఊడినా ఆపేస్తుందిగా" అంది. అవును, ఆపేస్తుంది. చెక్క పోతే పోనీ.

పీటలు పెళ్ళికి రెండ్రోజుల ముందు అయ్యాయి. కాలిన పీట కూడా ఉంది, పారెయ్యలేదు, గరాజ్‌లో దాని మీదే కూర్చుంటాను.

ఛార్జ్ పంప్ పెట్టిన రోజు మా అమ్మాయిని పిలిచాను. మొదట రానంది. ఆ రోజు తర్వాత అది గరాజ్ గుమ్మం దగ్గరే ఆగిపోయేది. బలవంతం చెయ్యలేదు, గుమ్మం దగ్గరే నిలబడి చూడమన్నాను. మిషన్ స్టార్ట్ చేశాను, ములికి గిర్రున తిరుగుతోంది, కింద చెక్క లేదు. లైనక్స్‌ని కావాలని కూల్చడానికి ఒక కీల వరస ఉంది, అది నొక్కాను. తెర బిగుసుకుపోయింది, సరిగ్గా ఆ రోజులాగే. టక్ మని రిలే పడింది. ములికి చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

"మళ్ళీ చెయ్యి" అంది గుమ్మంలోంచి. మళ్ళీ చేశాను. మూడోసారి తనే వచ్చి కీలు నొక్కింది.